గాంధీగారు దిగారో లేదో గానీ, హైకోర్టు మాత్రం దిగింది

(పాత ఇళ్లు, పాత కట్టడాల గురించి పాఠకులు అడిగిన ప్రశ్నలకు జవాబులు)

ప్రశ్న: మేడమ్ గారికి నమస్కారం. గుంటూరు రైల్వే స్టేషన్‌కి దగ్గర్లో మా తాతగారు 1930ల చివర్లో కట్టించిన హోటల్ ఉంది. కింద భోజనశాల, వెనక వంటిల్లు, మధ్యలో వాకిలి, పైన చుట్టూ వరండా, పద్నాలుగు గదులు. భోజనాలు ఎప్పుడో ఆపేశాం. లాడ్జి కరోనాతో మూతపడింది. మేం ముగ్గురు అన్నదమ్ములం. పెద్దన్నయ్య బిల్డరుకి ఇచ్చేద్దామంటున్నారు. డాలస్‌లో ఉన్న తమ్ముడు “హెరిటేజ్ కింద పెట్టిద్దాం, గవర్నమెంటు గ్రాంటు ఇస్తుంది” అంటాడు. గాంధీగారు ఒక రాత్రి ఇక్కడ బస చేశారని మా నాన్నగారు చెప్పేవారు. అటక మీద పాత రిజిస్టర్లు, “బ్రాహ్మణులకు మాత్రమే” అని రాసిన రేకు బోర్డు దొరికాయి. ఆ బోర్డు చూసి మా కోడలు “ముందు దీన్ని పారేయండి మావయ్యా” అంది. మిద్దె రెండు చోట్ల కారుతోంది. ఈ బిల్డింగుకి నిజంగా హెరిటేజ్ విలువ ఉందంటారా? ఫొటోలు పంపుతున్నాను.
– ఒక పాఠకుడు, గుంటూరు

జవాబు: ముందు గ్రాంటు సంగతి తేల్చేద్దాం. మీ ఇంట్లో సగం గొడవ దాని మీదే నడుస్తున్నట్టుంది. సొంత హోటల్ బాగుచేసుకుంటానంటే ప్రభుత్వం చెక్కు రాసిచ్చే పద్ధతి మన దగ్గర లేదు. మీ తమ్ముడుగారికి ఈ మాట చెప్పండి, నా పేరు చెప్పినా ఫర్వాలేదు. అలాగే బిల్డింగు పాతదైనంత మాత్రాన దానికదే రక్షణ వచ్చిపడదు. కేంద్రానికి 1958 చట్టం, మన రాష్ట్రానికి 1960 చట్టం ఉన్నాయి. రెండూ వందేళ్లు దాటిన కట్టడాల కోసం పెట్టినవి. దాటినా, ప్రభుత్వం నోటిఫై చేస్తేనే అవి వర్తిస్తాయి. మీదింకా వందకు చేరలేదు. ఇంటాక్ అనే వారసత్వ పరిరక్షణ సంస్థ వాళ్ల జాబితాలో పేరెక్కితే మర్యాద వస్తుంది, చట్టబలం రాదు. అంటే మీ ముగ్గురూ ఒప్పుకుని రేపు కూల్చాలనుకుంటే ఆపేవాళ్లెవరూ లేరు. ఈ బిల్డింగు ఉండటం, పోవటం మీ ముగ్గురి చేతుల్లోనే ఉంది.

కేంద్ర పర్యాటక శాఖ ‘హెరిటేజ్ హోటల్’ అని ఒక హోదా ఇస్తుంది. అది 1950కి ముందు కట్టిన వాటికి. కాకపోతే అందులో చెప్పినవి రాజభవనాలు, కోటలు, హవేలీలు, వేట బంగళాలు, నివాస గృహాలు. జమీందారు ఉన్న ఇంటిని తర్వాత హోటల్‌గా మారిస్తే సరిగ్గా సరిపోతుంది. మీ తాతగారిలాగా మొదట్నుంచీ హోటల్‌గానే కట్టించినవాళ్లను ఆ నిర్వచనం రాసినవాళ్లు తలుచుకున్నట్టు లేదు. నాకైతే ఇది తలకిందుల వ్యవహారంగా ఉంటుంది. రాజుగారు పడుకున్న గది వారసత్వమూ, రైలు దిగి అణాలిచ్చి పడుకున్నవాడి గది మామూలు గదీనా?

ఇక విలువ దగ్గరికి వస్తాను. దక్షిణ ఆస్ట్రేలియాలో బర్రా అని ఒకప్పటి రాగి గనుల ఊరుంది. 1979లో అక్కడి వారసత్వ నిపుణులు ఆ ఊళ్లో కూర్చుని ఒక ఒప్పంద పత్రం రాసుకున్నారు. పాత కట్టడాలు కాపాడే మా వృత్తిలో ఉన్నవాళ్లందరం ఈనాటికీ దాన్నే పట్టుకుని వేలాడతాం. కట్టడం అందంగా ఉందా అన్నది అందులో ఒక ప్రశ్న మాత్రమే. అక్కడ ఏం జరిగింది, దాన్నిబట్టి కొత్తగా ఏం తెలుసుకోవచ్చు, ఊరి జనానికి దానితో ఉన్న బంధం ఏమిటి అన్నవి కూడా అంతే బరువున్న ప్రశ్నలు. మొహమాటం లేకుండా చెప్తాను, అందంలో మీ హోటల్‌కి నేను పాస్ మార్కులే వేస్తాను. ముందువైపు పిట్టగోడ మీద సూర్యుడి బొమ్మ బాగుంది. మిగతాదంతా ఆ రోజుల్లో ఏ మేస్త్రీ అయినా కట్టే పద్ధతే. మిగిలిన మూడింటిలో మాత్రం మీ ఫొటోలు నన్ను కుర్చీలోంచి లేవనివ్వలేదు.

గాంధీగారి మాట. ఇలాంటి ఉత్తరాల్లో సగానికి సగం గాంధీగారో, సుభాష్ బోసో బస చేసిన ఇళ్ల గురించే ఉంటాయి. ఆయన 1921లో బెజవాడ సభలకు వచ్చారు, 1929లో ఖద్దరు నిధి కోసం తిరిగారు, 1933 డిసెంబరులో హరిజన యాత్రలో ఆంధ్ర జిల్లాలు చుట్టారు. మీ హోటల్ కట్టింది 1930ల చివర్లో కాబట్టి ఈ మూడూ దానికంటే ముందే అయిపోయాయి. కట్టిన ఏడాది కాస్త అటూ ఇటూ అయిందనుకున్నా, అంటరానితనం మీద యాత్ర చేస్తున్న మనిషి “బ్రాహ్మణులకు మాత్రమే” అన్న బోర్డు కింద నుంచి నడిచి లోపలికి వెళ్లారంటే నాకు నమ్మబుద్ధి కావటం లేదు. ఆయన ఏ రోజు ఎక్కడున్నారో తేదీలవారీగా అచ్చయిన పుస్తకాలున్నాయి, ఒకసారి చూసుకోండి. మీ నాన్నగారు అబద్ధం చెప్పారని కాదు. ఊళ్లోకి గాంధీగారు వచ్చిన మాట, ఊళ్లో మన హోటల్ ఉన్న మాట, రెండూ కలిసిపోవటానికి ఒక తరం చాలు.

అసలు సరుకు మీ రిజిస్టర్లలో ఉంది. 1955 నాటి పేజీ ఒకటి పంపారు కదా. పేరు, ఊరు, వచ్చిన పని, వచ్చిన తేదీ, వెళ్లిన తేదీ అని అయిదు గళ్లు. ‘వచ్చిన పని’ గడిలో పైన “హై. కో. అప్పీలు” అని ఇంకు పెన్సిలుతో రాసి, కింద వరసగా డిటో గీతలు కొట్టుకుంటూ పోయారు. ఊళ్ల గడి చూడండి: తుని, మదనపల్లె, నంద్యాల, పార్వతీపురం, మళ్లీ మదనపల్లె. ఆ మదనపల్లె ఆసామీ మూడు వరసల కిందే మళ్లీ కనపడుతున్నాడు, వాయిదా పడ్డట్టుంది పాపం.

మీ పిల్లలకి తెలుసో లేదో, 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడినప్పుడు రాజధాని కర్నూలుకి వెళితే హైకోర్టు గుంటూరుకి వచ్చింది. 1954 జూలైలో మొదలై, 1956 నవంబరులో ఆంధ్రప్రదేశ్ ఏర్పడి హైదరాబాదుకి వెళ్లిపోయేదాకా అక్కడే నడిచింది. రెండేళ్ల పైచిలుకు. శ్రీకాకుళం నుంచి అనంతపురం దాకా పదకొండు జిల్లాల కక్షిదారులు, ప్లీడర్లు, ప్లీడరు గుమాస్తాలు గుంటూరులో రైలు దిగారు. వాళ్లంతా ఎక్కడ పడుకున్నారు, ఎక్కడ తిన్నారు? తీర్పులు లా రిపోర్టుల్లో ఉంటాయి. తీర్పు కోసం గుడ్డసంచీ తలకింద పెట్టుకుని ఎదురుచూసిన మనుషుల జాడ మీ అటక మీద ఉంది. గాంధీగారు మీ హోటల్లో దిగారో లేదో నేను చెప్పలేను. హైకోర్టు మాత్రం కచ్చితంగా దిగింది.

కాబట్టి ఆ రిజిస్టర్లను లామినేషన్ చేయించకండి. చిరిగిన చోట సెలోటేపు అసలే వద్దు, దాని జిగురు కొన్నేళ్లకు కాగితాన్ని గోధుమరంగుకి తిప్పి తినేస్తుంది. పొడి గుడ్డతో దుమ్ము తుడిచి, కిటికీ వెలుగులో పేజీ పేజీ ఫొటో తీయించండి. తీసినవాటిని ఫేస్‌బుక్‌లో మాత్రం పెట్టకండి. అవి ఇతరుల పేర్లు, ఇతరుల కోర్టు వ్యవహారాలు. రాష్ట్ర పురావస్తు, ఆర్కైవ్స్ వాళ్లనో, దగ్గర్లోని యూనివర్సిటీ చరిత్ర శాఖనో కలవండి.

ఇక ఆ బోర్డు. మీ కోడలు అన్న మాటలో నాకు తప్పేమీ కనపడలేదు, ఇంట్లో అలాంటిది ఎవరికైనా ముల్లులాగే ఉంటుంది. అయినా పారేయొద్దనే అంటాను. మద్రాసు రాష్ట్రంలో ఆ రోజుల్లో చాలా భోజన హోటళ్లు ఇలాగే నడిచాయి. కొన్నిటికి రెండు వాకిళ్లు, కొన్నిటికి లోపల అడ్డుగోడ. 1950 జనవరి 26 నుంచి రాజ్యాంగం 15వ అధికరణ హోటళ్ల పేరు ప్రత్యేకంగా ఎత్తి మరీ, కులం పేరు మీద ఎవరినీ ఆపకూడదంది. 1955లో అంటరానితనం నేరాల చట్టం వచ్చింది. ఇవి చదువుకున్న సంగతులు. మీ భోజనశాల నేల ఫొటో ఉంది చూశారూ, దాన్ని పెద్దది చేసి చూడండి. ఎర్ర గచ్చు మీద ఈ గోడ నుంచి ఆ గోడకి అడ్డంగా, ఇటుక మందాన బూడిదరంగు చార ఒకటి పోతోంది. అక్కడ గోడ ఉండేది. దాన్ని కొట్టేసి సందుని సిమెంటుతో పూడ్చారు. ఎవరు కొట్టించారు, ఏ ఏడు కొట్టించారు అన్నది మీ పాత జమాఖర్చు పుస్తకాల్లో “మేస్త్రీ కూలి” పద్దు కింద ఉండొచ్చు, వెతకండి. మీ తాతగారే కొట్టించి ఉంటే మీ వంశంలో చెప్పుకోవలసిన పని అదే.

ఆ నేల మీద విట్రిఫైడ్ టైల్స్ పరిచారంటే ఆ చార పోతుంది. వాకిలి వైపు ఎక్కడైనా పరుచుకోండి, అక్కడ మాత్రం వద్దు. బోర్డుని ఆ చార పక్కనే గోడకి తగిలించి, కింద నాలుగు వాక్యాలు రాయించండి. చూసినవాళ్లకి ఇబ్బందిగా ఉంటుంది. ఉండనివ్వండి. కాఫీ సువాసనలూ, ఇత్తడి గ్లాసులూ మాత్రమే చూపించి హోటల్ చరిత్ర అంటే సగమే చెప్పినట్టు.

మిద్దె కారటం గురించి. మీది మద్రాసు టెర్రస్. టేకు దూలాల మీద ఇటుకల్ని అంచు మీద నిలబెట్టి ఏటవాలు వరసల్లో డంగు సున్నంతో పేర్చి, పైన ఇటుకముక్కల సున్నపు కాంక్రీటు పోసి, కరక్కాయ, బెల్లం నానబెట్టిన నీళ్లు చిలకరిస్తూ కూలీలు వరసగా కూర్చుని కొయ్య బల్లలతో రోజుల తరబడి కొట్టేవాళ్లు. అలాంటి మిద్దె ఎండకి సాగుతుంది, రాత్రికి ముడుచుకుంటుంది. గుంటూరు ఎండ సంగతి మీకు నేను చెప్పాలా! దాని మీద ఎవరో పుణ్యాత్ముడు రెండంగుళాల సిమెంటు పోయించినట్టు ఫొటోలో కనపడుతోంది. సిమెంటు సాగదు, పగులుతుంది. పగులులోంచి దిగిన నీళ్లకి మళ్లీ పైకి ఆరే దారి ఉండదు. కాబట్టి పైన ఇంకో పొర, తారు షీటు, కెమికల్ అనే మాటలు ఎవరన్నా చెప్పినా వినకండి. ముందు పిట్టగోడ మూలన మొలిచిన రావి మొక్కని వేళ్లతో సహా తీయించండి, నీటి తూములు తెరిపించండి. ఆ తర్వాత సిమెంటు పొర జాగ్రత్తగా వలిపించి, దూలాల చివర్లు గోడలోకి దిగే చోట స్క్రూడ్రైవరుతో గుచ్చి చూడండి. టేకు ఎక్కడైనా చెడితే అక్కడే చెడుతుంది. గట్టిగా తగిలితే మీ మిద్దెకి ఇంకా చాలా ఆయుష్షు ఉంది. సగం లోతు దిగిపోతే వెంటనే కింద జాకీలు పెట్టించి, ఆ గదిలోకి ఎవర్నీ పోనివ్వకండి. అక్కడ వారసత్వం, వంకాయ అని ఆలోచించొద్దు, మనిషి ప్రాణం ముందు.

వరండా కింద ఇనప దూలాలు రెండు ఉన్నాయి. వాటి మీద వెల్లవేసిన పొరలు గీకి చూడండి. ఉబ్బెత్తు అక్షరాలు ఉండొచ్చు. ఇంగ్లండులోని మిడిల్స్‌బ్రో కంపెనీ పేరో, టాటా పేరో. కట్టిన కాలం తేల్చుకోవటానికి నోటిమాట కంటే అవి నయం.

ఇప్పుడు పెద్దన్నయ్యగారి లెక్క. ఆయన అడిగేది అత్యాశ కాదు. మూతపడ్డ బిల్డింగుకి పన్ను కడుతూ ముగ్గురు అన్నదమ్ములు ఎన్నాళ్లు కూర్చుంటారు? అయితే ఆయన్ని ఒక్క లెక్క వేయించమనండి. మీ హోటల్ రోడ్డు అంచునే నిలబడి ఉంది, ముందు గజం కూడా వదల్లేదు. కూల్చిన మరుక్షణం ఆ స్థలానికి ఇప్పటి నిబంధనలు వస్తాయి. మాస్టర్ ప్లాన్‌లో రోడ్డు వెడల్పుకి పోయేదెంత, ముందూ పక్కలా వదలాల్సిందెంత, పార్కింగుకి పోయేదెంత, అందులో బిల్డరు వాటా పోగా మీ ముగ్గురికి చెరి ఎన్ని చదరపు అడుగులు వస్తాయి? లైసెన్సు ఉన్న ప్లానరు చేత కాగితం మీద వేయించండి. ఇరుకు రోడ్ల మీది స్థలాల్లో ఈ లెక్క చూసి వెనక్కి తగ్గినవాళ్లను నేను చూశాను. వారసత్వ భవనాలకి టీడీఆర్ (ఉన్నచోట వాడుకోని కట్టుబడి హక్కుని ఇంకోచోటికి బదిలీ చేసుకోవటం) అనే మాట కూడా మన బిల్డింగు రూల్సులో వినపడుతుంది. మీ మునిసిపల్ కార్పొరేషన్ టౌన్ ప్లానింగు విభాగంలో రాతపూర్వకంగా అడగండి, నోటిమాట జవాబు తీసుకోకండి.

నా సలహా అడిగారు కాబట్టి: వెనక వంటింటి వైపు రేకుల షెడ్లు, తర్వాత కట్టిన బాత్‌రూములు, అటువైపు స్థలం కొత్త కట్టడానికి వదిలేయండి. అన్నయ్యగారి వాటా అందులో చూసుకోవచ్చు. ముందు భాగం, వాకిలి, చుట్టు వరండా, భోజనశాల ఉంచండి. ఉంచి మ్యూజియం మాత్రం చేయకండి. గుంటూరులో టికెట్టు కొనుక్కుని పాత లాడ్జి చూడ్డానికి ఎవరొస్తారు? హోటల్‌గానే నడిపించండి. మైసూరు మెట్రోపోల్ చూడండి, 1920లో మహారాజావారు విదేశీ అతిథుల కోసం కట్టించింది. ఈ రోజుకీ అది నిలబడి ఉందంటే హోటల్‌గా నడుస్తుండబట్టే. దీనికి ఎదురు ఉదాహరణ బొంబాయిలో వాట్సన్స్ హోటల్. ఇంగ్లండులో పోతపోసిన ఇనప చట్రాన్ని ఓడలో తెచ్చి 1860ల్లో నిలబెట్టారు. 1896 జూలై 7న మన దేశంలో మొట్టమొదటి సినిమా ఆట వేసింది అందులోనే. తర్వాత హోటల్ పోయి, లోపల గదులన్నీ ముక్కలై ఆఫీసులు, కాపురాలు అయ్యాయి. ప్రపంచంలో ప్రమాదంలో ఉన్న కట్టడాల జాబితాలో చేరినా, 2005లో ఒక భాగం కూలిపోయింది. అంత చరిత్ర ఉన్నదానికే దిక్కు లేకపోయింది.

ఇంకో మాట. మీ ఊళ్లో శంకర్‌విలాస్ సెంటర్ అంటే ఆటోవాళ్లకి ఇంకేం చెప్పక్కర్లేదు. ఒక హోటల్ పేరు సెంటర్‌కి, పక్కనున్న బ్రిడ్జికి కూడా ఎక్కి కూర్చుంది. ఊరు ఒక హోటల్‌ని తనదనుకుంటే చేసే పని అదీ. మీ హోటల్ పేరు ఆ సందులోవాళ్లు ఇప్పటికీ అడ్రసు చెప్పటానికి వాడుతున్నారా? పాలవాణ్ణి, పోస్ట్‌మ్యాన్‌ని అడిగి నాకు రాయండి. అన్నదమ్ములు ముగ్గురూ ఒక మాట మీదికి రాకముందు ఏ బిల్డరుకీ, ఏ ఆర్కిటెక్టుకీ అడ్వాన్సు ఇవ్వకండి. అంటే నాకు కూడా.

ప్రశ్న: కాకినాడలో మేం కొన్న పాత పెంకుటింటి హోటల్ పైకప్పు విప్పితే పెంకుల మీద ఇంగ్లీషులో 1865 అని ఉంది. అంటే మా హోటల్‌కి నూట అరవై ఏళ్లా? బోర్డు మీద వేయించుకోవచ్చా?
– ఒక పాఠకురాలు, కాకినాడ

జవాబు: వేయించకండమ్మా, తెలిసినవాళ్లు నవ్వుతారు. అది పెంకు పుట్టిన ఏడు కాదు, ఫ్యాక్టరీ పుట్టిన ఏడు. మంగళూరులో బాసెల్ మిషన్ వాళ్లు మొదటి పెంకుల కార్ఖానా పెట్టింది 1865లో. తర్వాత దశాబ్దాల పాటు చేసిన పెంకుల మీద కూడా అదే అంకె అచ్చు వేశారు. అల్బుకర్క్ వాళ్ల పెంకుల మీద 1868 ఉంటుంది, అదీ అంతే. మన వాళ్లు వీటిని బెంగుళూరు పెంకులనటం మామూలే, వచ్చింది మాత్రం మంగళూరు నుంచి. మీ ఇంటి వయసు కావాలంటే పాత దస్తావేజులు, మునిసిపాలిటీ పన్ను రికార్డులు చూడండి. పెంకులు మాత్రం అమ్మేయకండి. పగలనివి ఏరి ఒకవైపు వాలుకంతా అవే వేయించి, కొత్తవి వెనక వాలుకి వేయించండి. రెండూ కలిపి వేస్తే కొలతల్లో చిన్న తేడా ఉండి గాడి కుదరదు, వానకి కారుతుంది.

ప్రశ్న: మా ఊళ్లో బస్టాండు ఎదుట పాత హోటల్ కూల్చబోతున్నారని తెలిసింది. మేం చిన్నప్పటి నుంచి అక్కడే తిన్నాం. ఓనరు మేం కాదు. ఏమైనా చేయగలమా?
– కొందరు మిత్రులు, ఒంగోలు

జవాబు: కోర్టుకి వెళ్లాలని ఉత్సాహపడకండి. 2019లో హైదరాబాదు ఇర్రమ్ మంజిల్‌ని కూల్చాలన్న నిర్ణయాన్ని హైకోర్టు కొట్టేసింది. కానీ అది ప్రభుత్వ ఆస్తి, హైదరాబాదు వారసత్వ నిబంధనల వెనక ఉన్న కట్టడం. మీ హోటల్ ఒక ప్రైవేటు మనిషిది. ముందు ఆయన దగ్గరికి వెళ్లి, కూలుస్తున్నారా అని కాకుండా, ఎందుకు కూలుస్తున్నారని అడగండి. అప్పు తీర్చుకోవటానికైతే మీ జ్ఞాపకాలు ఆయనకి భారమే, ఆ మాట ఎత్తకండి. కూల్చటం ఖాయమైతే రెండు రోజులు టైము అడిగి, గది గది ఫొటోలు తీసి, టేపు పెట్టి కొలతలు రాసుకోండి. పాత వంటమాస్టరు ఎవరైనా ఉంటే ఆయన్ని కూర్చోబెట్టి ఫోనులో రికార్డు చేయండి. సాంబారులో ఏం వేసేవారని ఒక్కటే కాదు, జీతం ఎంత, ఎక్కడ పడుకునేవారు, సెలవు ఉండేదా అని కూడా అడగండి. తలుపులు, కిటికీలు పాత కలప కొట్టుకి వెళ్లకముందే మీలో ఎవరైనా కొత్తిల్లు కడుతుంటే కొనుక్కోండి. మేస్త్రీతో ముందే బేరం ఆడుకోవాలి, జేసీబీ వచ్చాక ఎవరూ మీ మాట వినరు.